కుంకుమకూ ఆకుకూ ఒకటే బూడిద: నలుపు తెలుపు ఫొటోలపై మీ ప్రశ్నలు

నలుపు తెలుపు ఫొటోల గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అవ్వ పెళ్ళినాటి ఫొటో గోడకుంది. దాని ముందు నిలబడితే కదల బుద్ధి కాదు. అదే అవ్వను నేను ఫోన్లో మోనో (నలుపు తెలుపు) పెట్టి తీస్తే పొగ పట్టినట్టు చప్పగా వస్తుంది. పాతది కాబట్టే అంత బాగుందా, వేరే కారణముందా?
– డిగ్రీ విద్యార్థిని, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పాతదనం వల్ల కొంత, వెలుగు వల్ల ఎక్కువ. పాత స్టూడియోలో వెలుగు ఒక పక్క నుంచే పడేది. పెద్ద కిటికీ గానీ, ఒక పెద్ద దీపం గానీ ఉండేది. రెండో పక్కన తెల్లగుడ్డ నిలబెట్టి నీడను కాస్త పలచన చేసేవాళ్ళు. ముక్కుకు ఒకవైపు వెలుగు, మరోవైపు నీడ, ఆ నీడలోంచి చెంప మెల్లగా తేలడం. ముఖానికి గుండ్రదనం అక్కణ్ణుంచి వచ్చింది. ఎక్స్‌పోజరు నిదానంగా ఉండేది, అంటే వెలుగు లోపలికి పడే సమయం ఎక్కువ, కాబట్టి మనిషి ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆ బిగువు కళ్ళలో నిలిచిపోయింది. నెగటివు పెద్దది కనుక చీర అంచు నేత కూడా పోగుపోగుగా తెలుస్తుంది.

రంగు ఫొటోలో చూపు ముందు రంగు మీదికి పోతుంది. అవ్వ వెనక ఎర్ర ప్లాస్టిక్ బిందె ఉంటే మొదట కనబడేది బిందే. రంగు తీసేస్తే చూపు బాగా తెల్లనిదీ బాగా నల్లనిదీ పక్కపక్కన ఉన్నచోటికి పరుగెత్తుతుంది. ఆ చోటు అవ్వ కన్నయితే ఫొటో మనల్ని పట్టుకుంటుంది. కిటికీ ఊచలయితే మనం ఊచల్నే చూస్తాం. బొత్తాం నొక్కేముందు కళ్ళు సగం మూసి ఎదుట ఉన్నదాన్ని చూడండి. రంగులు వెనక్కి తగ్గి వెలుగూ నీడా మాత్రం ముద్దలుగా తెలుస్తాయి. ఎక్కువ తెలుపు ఎక్కడుందో అప్పుడు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మీ ఫోన్ చేస్తున్న పని. అది నీడల్ని పైకి లేపి, వెలుగుల్ని కిందికి దించి, అన్నిటినీ సమానం చేస్తుంది. దాన్నే హెచ్‌డీఆర్ అంటారు. రంగులున్నంతసేపు ఆ చదును కనబడదు. రంగు పోగానే మిగిలేది బూడిదే. సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఆపండి. పొద్దున ఎండ నేరుగా పడని వాకిలి చూసుకోండి. గడపకు లోపల రెండు మూడు అడుగుల దూరంలో అవ్వను పీట మీద కూర్చోబెట్టి, ముఖం వాకిలి వైపు సగం తిప్పమనండి. వెనక గది చీకటిగా ఉండాలి, లోపలి ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. అది వెలుగుతుంటే నీడ వైపు చెంప మీద రెండో వెలుగు పడి ముఖం పళ్ళెంలా చదునవుతుంది. తెర మీద ముఖాన్ని తాకి, ఎక్స్‌పోజర్‌ను సున్నా నుంచి మైనస్ 0.7 దాకా దించండి. తెల్లజుట్టులో వెంట్రుకలు విడివిడిగా కనబడేంత వరకు దించితే చాలు.

మోనోలో తీయకండి. రంగులోనే తీసి తర్వాత మార్చండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: మేం కలంకారీ పని చేస్తాం. ఒక పుస్తకానికి మా గుడ్డల ఫొటోలు నలుపు తెలుపులో కావాలన్నారు. గీతలు బాగానే వచ్చాయి గానీ ఎర్రగా అద్దిన చీరా, పచ్చగా అద్దిన చెట్టూ ఒకటే ముద్దయిపోయాయి. తప్పు ఎక్కడ?
– శ్రీకాళహస్తి

జవాబు: మార్చిన పద్ధతిలో ఉంది. ‘రంగు తీసేయి’ అనే బొత్తాం ఎక్కువ యాప్‌లలో ఒకే లెక్క వాడుతుంది. ఎరుపులో 30 శాతం, పచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం తీసుకుని కలుపుతుంది. మన కంటికి పచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువగా అనిపిస్తాయి కాబట్టి ఆ లెక్క. మీ గుడ్డ మీద ఆ లెక్క వేసి చూద్దాం. ఫొటోలో ఒక్కో రంగు వెలుగుకూ 0 నుంచి 255 దాకా ఒక విలువ ఉంటుంది. ఎరుపు అద్దిన చోట ఎరుపు విలువ 200, పచ్చ 30, నీలం 40 అనుకోండి. 200లో 30 శాతం 60, దానికి పచ్చ నుంచి 17.7, నీలం నుంచి 4.4 కలిపితే 82. ఆకు దగ్గర ఎరుపు 40, పచ్చ 110, నీలం 40 ఉంటే 12కి 64.9, 4.4 కలిపి 81. ఒకటి 82, ఇంకొకటి 81. కంటికి ఎంతో దూరంగా ఉన్న రెండు రంగులు కాగితం మీద ఒకటే అయ్యాయి.

ఇప్పుడు ఎరుపు వాటా ఒక్కటే తీసుకోండి. చీర 200, ఆకు 40. చీర తెల్లగా మెరుస్తుంది, చెట్టు చీకటవుతుంది. పచ్చ వాటా ఒక్కటే తీసుకుంటే చీర 30, ఆకు 110. అంతా తలకిందులు. ఏది సరైనదో యంత్రం చెప్పలేదు. ఆ బొమ్మలో ఎవరు ముందుకు రావాలో తెలిసినవాళ్ళు చెప్పాలి. అందుకే నలుపు తెలుపు అంటే రంగు తుడిచేయడం అనుకోకూడదు. ఒక్కో రంగుకూ ఏ బూడిద ఇవ్వాలో మనం తీర్పు చెప్పడం అది.

పనిముట్ల సంగతి. ఖర్చు లేకుండా కావాలంటే కంప్యూటర్‌లో గింప్ గానీ డార్క్‌టేబుల్ గానీ వాడొచ్చు. వాటిలో మూడు రంగుల వాటాలు కలిపి నలుపు తెలుపు చేసే మిక్సర్ ఉంటుంది, అందులో వందకు ఎరుపు 60, పచ్చ 30, నీలం 10తో మొదలుపెట్టండి. మూడూ కలిపి 100 దగ్గర ఉండాలి, దాటితే తెలుపులు మండిపోతాయి. నీలి వాటా 30 దాటిస్తే గింజ గింజగా మచ్చ వస్తుంది. కెమెరా సెన్సర్‌లో నీలి సమాచారం అన్నిటికంటే బలహీనం కాబట్టి అలా అవుతుంది.

కరక్కాయ పట్టించిన గుడ్డకు లేత పసుపు ఛాయ ఉంటుంది. నీలి వాటా పెంచిన కొద్దీ ఆ నేల నల్లబడుతుంది, కసిమి గీతకూ దానికీ మధ్య ఎడం తగ్గుతుంది. బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన ఆ నల్లటి గీతే మీ పనికి ప్రాణం, కాబట్టి ముందు గీత స్పష్టంగా నిలిచేట్టు చూసుకుని ఆ తర్వాత రంగుల సంగతి చూడండి. గుడ్డను గోడకు బిగువుగా కట్టి, రెండు పక్కలా సమాన దూరంలో రెండు దీపాలు 45 డిగ్రీల కోణంలో పెడితే మూలలు నల్లబడవు. గుడ్డ నేత కనబడాలనుకుంటే మాత్రం ఒక దీపం ఆర్పి, రెండోదాన్ని బాగా వారగా పెట్టండి.

ప్రశ్న: గంగమ్మ జాతర వేషాలు ఏటా తీస్తాను. నలుపు తెలుపులో ‘ఆర్ట్’గా ఉంటాయని స్నేహితులంటారు. మార్చమంటారా?
– తిరుపతి

జవాబు: అన్నిటినీ మార్చొద్దు. జాతరలో రంగు అలంకారం కాదు, అర్థం. బైరాగి వేషానికి తెల్ల నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. కుంకుమ పూసిన ఒళ్ళూ బొగ్గు పూసిన ఒళ్ళూ మామూలు లెక్కలో పక్కపక్క బూడిదలైపోతాయి. అప్పుడు చూసేవాళ్ళకు ఏ వేషమో తెలియదు. బండ వేషం ఎర్రగానే ఉండాలని మా మాట. తోటి వేషం, బైరాగి వేషం మాత్రం నలుపు తెలుపులో గొప్పగా నిలుస్తాయి. బొగ్గు మధ్య కంటి తెల్లగుడ్డు, సుద్ద పగుళ్ళలోంచి కనబడే చర్మం, చేతిలో వేపమండ. వీటికి రంగు సాయం అక్కర్లేదు. జాతర మే నెలలో గనుక మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండి కళ్ళు గుంటల్లా నల్లబడతాయి. పందిరి నీడలో గానీ, పొద్దున తొమ్మిది లోపు గానీ తీయండి.

ప్రశ్న: చంద్రగిరి కోట, దాని వెనక కొండ తీస్తే ఆకాశం తెల్ల కాగితంలా వస్తోంది. ఫిల్మ్ కెమెరా వాడతాను. ఏ ఫిల్టరు కొనాలి?
– చంద్రగిరి

జవాబు: ముందు ఆకాశం నీలంగా ఉందో లేదో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మంచులాంటి పొగ కమ్మి ఆకాశమే తెల్లగా ఉంటే ఏ ఫిల్టరూ దాన్ని నల్లగా చేయలేదు. ఫిల్టరు అంటే లెన్స్ ముందు పెట్టే రంగు అద్దం, అది చేసే పని ఒకటే. తన రంగును లేత చేస్తుంది, ఎదురు రంగును ముదురు చేస్తుంది. పసుపు ఫిల్టరు నీలాన్ని కొంచెం ముదురు చేస్తుంది, ఒక స్టాప్ వెలుగు తింటుంది (ఒక్కో స్టాప్‌కూ వెలుగు సగమవుతుంది). నారింజ ఫిల్టరు దాదాపు రెండు స్టాప్‌లు. 25 నంబరు ఎరుపు ఫిల్టరు మూడు స్టాప్‌లు, అంటే 250వ వంతు సెకను ఇవ్వాల్సిన చోట 30వ వంతు. చేతిలో పట్టుకుని తీస్తే కదిలిపోయే వేగం అది. ముక్కాలి (ట్రైపాడ్) కావాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ముక్కాలికి విడిగా అనుమతి అడుగుతారు.

ఒక్కటే కొనాలంటే నారింజ కొనండి. శేషాచలం కొండల రాతి గోడలకు ఎర్రటి, తేనె రంగు ఛాయలున్నాయి, వాటి కింద పచ్చటి అడవి ఉంది. నారింజ ఫిల్టరు రాతిని పైకి లేపుతుంది, ఆకాశాన్నీ అడవినీ కిందికి దించుతుంది. మూడూ విడిపోతాయి. ఎరుపు ఫిల్టరు పెడితే అడవి మరీ నల్లటి ముద్దయి, నీడల్లో వివరం పోతుంది. తుఫాను ముందరి చీకటి కావాలనుకున్న రోజుకు అది సరే.

ఋతువు ఇంకా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది, మబ్బులకు అంచులుంటాయి. సంవత్సరంలో మిగతా నెలలన్నీ కలిపినా ఆ పది పదిహేను రోజులకు సాటి రావు. కోటలోని రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, కలప వాడలేదు. తోరణాల లోతూ, గచ్చు గరుకుదనమూ తెలియాలంటే సూర్యుడు గోడకు వారగా ఉండాలి, కాబట్టి తెరిచే వేళ కనుక్కుని పొద్దున్నే వెళ్ళండి.

పాత కాలపు కోటల ఫొటోల్లో ఆకాశం ఎప్పుడూ బోసిగా ఎందుకుంటుందని కూడా మీరు రాశారు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో వాడిన గాజు పలకల రసాయనం నీలానికి చాలా చురుగ్గా, ఎరుపుకు దాదాపు గుడ్డిగా ఉండేది. నీలాకాశం తెల్లగా కాలిపోయేది, ఎర్ర తలపాగా నల్లగా వచ్చేది. అన్ని రంగులనూ చూడగలిగే పాంక్రోమాటిక్ పలకలు 20వ శతాబ్దం మొదట్లో గానీ బజారుకు రాలేదు.

ప్రశ్న: మా ఊళ్ళో వాళ్ళ ముఖాలు నలుపు తెలుపులో తీస్తే చూసినవాళ్ళు ‘కొంచెం తెల్లగా చేయి’ అంటారు. యాప్‌లో నారింజ రంగును లేత చేసే స్లైడరు పెంచితే తెల్లబడుతుంది గానీ ముఖం మైనంలా అవుతోంది.
– పలమనేరు

జవాబు: పెంచకండి. మనుషుల చర్మం నలుపైనా చామనఛాయైనా ఎరుపుకూ పసుపుకూ మధ్య నారింజలోనే పడుతుంది. ఆ స్లైడరును 20 పెంచితే ముడతలు, మచ్చలు, ఎండకు కమిలిన ఛాయ అన్నీ ఒకేసారి చెరిగిపోతాయి. మనిషి జీవితం ముఖం మీద రాసుకున్నదంతా పోతుంది. అదే 10 తగ్గిస్తే నుదుటి గీతలు, గడ్డం గరుకు పైకి వస్తాయి. నల్లటి చర్మానికి అందం మెరుపులో ఉంది. చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద సన్నటి తెల్లటి గీత పడేలా కిటికీ వెలుగును పక్కనుంచి రానివ్వండి. చర్మం నల్లగానే ఉంటుంది, ముఖం వెలుగుతుంది.

వెలుగు కొలిచే మీటరు విషయం కూడా ఇక్కడే. కెమెరా ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమి బూడిద చేయాలని చూస్తుంది. తెల్ల పంచె నిండుగా ఉంటే ఎక్స్‌పోజరు ప్లస్ 1, నల్లరాతి విగ్రహం నిండుగా ఉంటే మైనస్ 1 ఇవ్వండి. లేకపోతే పంచె మాసినట్టు, విగ్రహం సిమెంటు పోతలా వస్తాయి.

ప్రశ్న: ఇంట్లో ఫిల్ము కడగడం మొదలుపెట్టాను. చలికాలంలో బాగానే వచ్చింది. ఎండాకాలంలో ఇంటి ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలుంటున్నాయి, నెగటివులు నల్లగా, గరుకుగా వస్తున్నాయి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్ము, ఐడీ-11 డెవలపరు వాడుతున్నాను.
– చిత్తూరు

జవాబు: డెవలపరు (ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే రసం) పట్టికలో రాసే సమయం 20 డిగ్రీలకు. మూడు డిగ్రీలు పెరిగితే సమయం నాలుగో వంతు తగ్గించాలి. మీ ఫిల్ముకు స్టాక్ ద్రావణంలో (ఇంకా పలచన చేయని డెవలపరులో) 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 32 దగ్గర లెక్క వేస్తే రెండు మూడు నిమిషాలకు దిగిపోతుంది. ఐదు నిమిషాలలోపు డెవలప్ చేస్తే రసం ఫిల్ము అంతటా సమానంగా పట్టదు, చారలు పడతాయి. అందుకే పలచన చేసి వాడండి. స్టాక్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపితే 20 డిగ్రీలకు 13 నిమిషాలు, 24 డిగ్రీలకు సుమారు 9 నిమిషాలు. మన ఎండలకు 24 అందుకోదగ్గ లక్ష్యం, 20 కోసం పాకులాడొద్దు.

35 ఎంఎం రోలు ఒకటి పట్టే డెవలపింగ్ ట్యాంకుకు 300 మిల్లీలీటర్లు సరిపోతుంది. స్టాక్ 150 మిల్లీలీటర్లు 32 డిగ్రీలుంటే, ఫ్రిజ్ నీళ్ళు 16 డిగ్రీలకు తెచ్చి 150 మిల్లీలీటర్లు కలపండి, 24 వస్తుంది. అసలు కష్టం ఆ 9 నిమిషాలూ అదే వేడి నిలపడం. లోతైన బక్కెట్టులో నీళ్ళు పోసి, గడ్డకట్టిన లీటరు బాటిల్ ఒకటి వేసి, నీళ్ళు 24కు రాగానే బాటిల్ తీసేయండి. డెవలపరు, హైపో (బొమ్మను నిలిపే ద్రావణం), కడిగే నీళ్ళు అన్నీ ఆ బక్కెట్టులోనే నిలబెట్టండి. ట్యాంకును మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తిరగేసి, ప్రతిసారీ చివర బల్ల మీద తట్టండి. తట్టకపోతే గాలి బుడగ అంటుకున్నచోట గుండ్రటి తెల్లమచ్చ మిగులుతుంది.

గరుకుకు వేడి తేడా కూడా కారణం కావచ్చు. డెవలపరు 24లో ఉండి, కడిగే నీళ్ళు కుళాయి నుంచి 32లో పోస్తే ఫిల్ము మీది మెత్తబడ్డ జెలటిన్ పొర ఒక్కసారిగా ఉబ్బి, ఎండిన చెరువు మట్టిలా సన్నగా బీటలు వేస్తుంది. అన్ని నీళ్ళూ ఒకదానికొకటి ఐదు డిగ్రీల లోపలే ఉండాలి. కుళాయి ధార కింద పెట్టకుండా, చల్లార్చిన నీళ్ళతో ట్యాంకు నింపి ఐదుసార్లు తిరగేసి పారబోయండి, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు. కొద్ది నీళ్ళతో పని అయిపోతుంది. బోరు నీళ్ళలో సున్నం ఉంటే ఎండాక తెల్ల చుక్కలు పడతాయి, కాబట్టి చివరి నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ వాటర్ వాడండి. తడి ఫిల్మును వేళ్ళతో తుడవొద్దు, ఫ్యాను కింద ఆరేయొద్దు. దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

తప్పు కెమెరాలో జరిగిందో ట్యాంకులో జరిగిందో తేల్చుకోవడానికి ఫిల్ము అంచున కంపెనీ అచ్చువేసిన అంకెలు చూడండి. అంకెలు చక్కగా నల్లగా ఉండి బొమ్మలు పలచగా ఉంటే కెమెరాలో వెలుగు తక్కువైంది. అంకెలే పలచగా ఉంటే డెవలపింగ్ చాల్లేదు. అంకెలు మందంగా ఉబ్బినట్టుంటే ఎక్కువైంది, మీది ఇదే. ఫిల్ము పాలు కలిపినట్టుంటే హైపో బలం తగ్గింది. కత్తిరించిన ఫిల్ము తోక ముక్క ఒకటి హైపోలో వేసి, ఎన్ని సెకన్లకు తేటపడుతుందో చూసి, దానికి రెట్టింపు కాలం ఫిల్మును ఉంచండి. వాడిన హైపోలో వెండి ఉంటుంది. బావి దగ్గరా, చెట్ల మొదళ్ళలోనూ పోయకండి.

ప్రశ్న: మా నాయన చిన్నప్పటి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. పసుపు పట్టి, కింద మరక పడింది. తీసి తుడిచి కొత్త ప్రింటు వేయించొచ్చా?
– పుత్తూరు

జవాబు: లాగొద్దు, తడపొద్దు. తేమకు జెలటిన్ జిగురులా మారి అద్దాన్ని పట్టుకుంది. లాగితే ముఖమే అద్దం మీద మిగిలిపోతుంది. బూజు పట్టిన ఫొటో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరుగుతుంది, తడిగుడ్డతో ఒక్క రుద్దుకు బొమ్మ పోతుంది.

అద్దంతో పాటే నకలు తీయండి. సన్నటి చవక స్కానర్లు తమను తాకిన కాగితాన్నే స్పష్టంగా చూస్తాయి, మధ్యలో అద్దం మందం వస్తే మసకవుతుంది. కెమెరాతో తీయడం మేలు. ఫొటోను గోడకు నిలబెట్టి, రెండు పక్కలా దీపాలు 45 డిగ్రీలలో పెట్టి, లెన్స్ పట్టేంత రంధ్రం చేసిన నల్ల దుప్పటి కెమెరాకు ముందు కట్టండి. అద్దంలో మీ నీడ పడదు.

తప్పకుండా రంగులోనే తీయండి, ఫొటో నలుపు తెలుపు అయినా సరే. పసుపు మరక నీలి ఛానెల్‌లో (ఫొటోలోని నీలి వాటాలో) నల్లగా, ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనబడకుండా ఉంటుంది. కాబట్టి మరక పడ్డ ఫొటోకు ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుంటే సగం మరమ్మతు దానంతటదే అయిపోతుంది. బొమ్మే వెలిసి పసుపుబారి ఉంటే దీనికి తలకిందులు. నీలి ఛానెల్‌లో బొమ్మ గట్టిగా కనబడుతుంది. మీ ఫొటోలో రెండూ ఉన్నాయి గనుక మరక భాగానికి ఒకటి, ముఖానికి ఒకటి తీసుకుని కలపాలి. ముఖం మీద యాప్‌ల ‘మెరుగుపరచు’ బొత్తాం నొక్కొద్దు. అది కళ్ళూ పెదాలూ కొత్తగా కల్పిస్తుంది, అవి మీ నాయనవి కావు.

కొత్త ప్రింటు ల్యాబ్‌లో రంగు కాగితం మీద వేస్తారు, మూడు రంగుల రసాయనాలు కలిసి నలుపు కావాలి. ఒకటి కాస్త తప్పినా పచ్చగానో వంకాయ రంగుగానో కొడుతుంది. ముందు చిన్న టెస్ట్ ప్రింటు వేయించి పగటి వెలుగులో చూడండి. 8 అంగుళాలకు 10 అంగుళాల ప్రింటుకు 2400కు 3000 పిక్సెళ్ళు ఉంటే స్పష్టత చాలు.

ఫ్రేము కట్టేటప్పుడు ఫొటోకూ అద్దానికీ మధ్య చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల అట్ట పట్టీ పెట్టించండి. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానివ్వొద్దు. వాన చెమ్మ దిగే గోడకూ, వంటింటి గోడకూ తగిలించొద్దు. బొట్టు అద్దం మీద పెడితే పరవాలేదు. తడి పూలదండ మాత్రం ఫ్రేము కింది చెక్కను ఆనకుండా వేలాడాలి. దండ నీళ్ళు ఆ సందులోంచే లోపలికి దిగుతాయి. మీ ఫొటోలో మరక కింది అంచున ఉందన్నారు. అలా దిగిన నీళ్ళే అయ్యుండొచ్చు.